నాలుక కింద పొర కోశారు, మరి పాలు తాగడం?

నేను: అందరికీ నమస్కారం. చెన్నై చూళైమేడులో మా మూడో అంతస్తు ఫ్లాటు నుంచి మాట్లాడుతున్నాను. వెనక కుక్కర్ కూత, కింద చెత్తబండి పాట వినపడితే ఏమీ అనుకోకండి. బాబు పడుకున్నాడు, దొరికిన గంటలోనే రికార్డు చేసుకోవాలి. ఇవాళ నాతో మా వదిన ఉన్నారు. మా అన్నయ్య భార్య. పద్దెనిమిదేళ్లుగా బాలింతల వార్డులో నర్సు, పాలు పట్టించడం మీద విడిగా ట్రైనింగ్ కూడా తీసుకున్నారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

వదిన: పేరెందుకమ్మా. ఆదివారం కూడా ఫోన్లు మొదలవుతాయి.

నేను: ఏడు నెలల క్రితం నేనే చేశాను కదా వదినా, రాత్రి రెండింటికి.

వదిన: రెండు కాదు, రెండూ నలభై. గుర్తుంది నాకు.

నేను: ముందు ఆ సంగతి చెప్పేస్తాను. మావాడు పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు. మే నెల, ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అంటారే, ఆ ఎండల్లో. పుట్టినప్పటి నుంచి గంటకోసారి పాలే, అయినా ఆకలే. తాగుతుంటే టక్ టక్‌మని చప్పుడు. వాడు వదిలేశాక చూసుకుంటే చనుమొన అరిగిపోయిన బలపంలా ఏటవాలుగా ఉండేది, కొనంతా తెల్లబడిపోయి. పళ్లు బిగపట్టుకుని పాలిచ్చేదాన్ని. ఏడ్చినప్పుడు నాలుక చూస్తే కొసన నొక్కు. తమలపాకుకి తొడిమ దగ్గర ఉంటుంది చూడండి, అలా. పన్నెండో రోజు తూకం చూస్తే 2 కిలోల 650. టంగ్ టై అన్నారు, నాలుక కింద పొర పొట్టిగా ఉంది, కోసేస్తే సరిపోతుందన్నారు. కోశారు. కత్తెరతో ఒక్క క్షణం పని, రెండు చుక్కల రక్తం. దూది ఒత్తి, 'అయిపోయిందమ్మా, ఇక తాగేస్తాడు' అని పంపేశారు.

వదిన: తాగాడా?

నేను: ఎక్కడ తాగాడు! అంతకుముందు ఏదో ఒకలా పట్టేవాడు, ఆ రాత్రి అదీ లేదు. నోట్లో పెడితే నాలుకతో తోసేయడం, వీపు విల్లులా వంచేసి ఏడవడం. మా అమ్మమ్మ మంచం మీద కూర్చుని, 'కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట' అంటోంది. మీకు ఫోన్ చేసింది అప్పుడే.

వదిన: ఆ సామెత విని నాకు నవ్వొచ్చింది, నువ్వేమో ఏడుస్తున్నావు. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఇలా జరుగుతుందని నీకు ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. చూడు, పిల్లలు కడుపులో నాలుగో నెలనుంచే ఉమ్మనీరు మింగుతుంటారు. అంటే మీవాడు పుట్టేసరికే అయిదారు నెలలు కట్టేసిన నాలుకతో సాధన చేశాడు. నాలుక ముందుకు రాదు, పైకి లేవదు, కాబట్టి చిగుళ్లతో నొక్కి, దవడతో పిండుకోవడం అలవాటు చేసుకున్నాడు. పొర కోయగానే నాలుక వదులైంది. దానితో ఏం చేయాలో వాడికి ఎలా తెలుస్తుంది? చేతికి సిమెంటు కట్టు విప్పిన రోజే బిందె ఎత్తగలమా?

నేను: ఎంతకాలం పడుతుంది?

వదిన: కొందరు కోసిన వెంటనే, ఆ బల్ల మీద నుంచి తీసి తల్లి ఒళ్లో పెడితే చక్కగా పట్టేస్తారు. అలాంటి పిల్లల్ని చూశాను, తల్లి ముఖం అప్పటికప్పుడే మారిపోతుంది. కొందరికి మూడు నాలుగు రోజులు. ఎక్కువమందికి రెండు వారాల లోపు దారికొస్తుంది, కొద్దిమందికి నెల కూడా పడుతుంది. అంతదాకా మనం చూసుకోవాల్సినవి రెండే. బిడ్డ కడుపు నిండాలి, తల్లికి పాలు తగ్గకూడదు. ఈ రెండూ జరుగుతుంటే చన్ను పట్టడం అనేది వాడే నేర్చుకుంటాడు, తొందరేం లేదు.

నేను: కోయించడం అసలు అవసరమా అని అడిగేవాళ్లు కూడా ఉంటారు.

వదిన: అడగాల్సిందే. ఈ మధ్య ఏ బిడ్డ పాలు తాగకపోయినా టంగ్ టై అనేస్తున్నారు. 2017లో కొక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనల ఫలితాలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ, అప్పటిదాకా జరిగిన 5 ట్రయల్స్, 302 మంది పిల్లల లెక్కలు ఒకచోట పెట్టి చూశారు. కోసాక తల్లి నొప్పి కొద్దికాలానికైనా తగ్గుతుందని తేలింది. బిడ్డ తాగడం మెరుగవుతుందని మాత్రం గట్టిగా తేలలేదు. అందుకే ముందు ఎవరైనా తెలిసినవాళ్లు పక్కన కూర్చుని ఒక ఫీడింగ్ మొత్తం చూడాలి. పట్టించే తీరు మారిస్తేనే సగం మందికి కత్తెర అవసరం రాదని నా అనుభవం. మీవాడికి అవసరమే, నేనూ చూశాను కదా. లేజరా కత్తెరా అని జనం తెగ మథనపడతారు, దాన్లో పెద్ద తేడా ఏం లేదు. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉందా అన్నది అంతకంటే ముఖ్యం.

నేను: ఆ రాత్రి మీరు ఫోన్‌లో నాతో మొదట చేయించింది బట్టలు విప్పించడం.

వదిన: (నవ్వు) అలా చెబితే జనం ఏమనుకుంటారు! వాడికి డైపర్ తప్ప ఏమీ ఉంచొద్దన్నాను, నీ జాకెట్టు తీసేసి వాణ్ని గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకోమన్నాను. ఏసీ లేదన్నావు, ఫ్యాను పెట్టుకోమన్నాను. చనుమొన నోట్లో పెట్టే ప్రయత్నమే చేయొద్దన్నాను. పన్నెండు రోజులుగా వాడికి ఆ చోటంటే పెనుగులాటే. ముందు అక్కడ హాయిగా పడుకోవచ్చని తెలియాలి.

నేను: అరగంట అలాగే ఉన్నాం. చెమటకి ఇద్దరం అతుక్కుపోయాం. తర్వాత వాడే తల ఊపుకుంటూ, కోడిపిల్ల గింజలు పొడిచినట్టు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

వదిన: అదే నాకు కావాల్సింది. ఏడుపు మొదలయ్యాక పట్టించడానికి చూస్తే నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంటుంది, పని జరగదు. వెతుక్కునేటప్పుడే, చెయ్యి నోట్లో పెట్టుకునేటప్పుడే మొదలుపెట్టాలి.

నేను: పట్టించే తీరు ఒకసారి చెప్పండి. (వినేవాళ్లకి: వదిన మా తువ్వాలు చుట్టచుట్టి బిడ్డలా పట్టుకున్నారు.)

వదిన: తువ్వాలు అయితే ఏడవదు, అదో సుఖం. సరే, వెనక్కి వాలి కూర్చో. పూర్తిగా పడుకోవద్దు, పడకకుర్చీలో కూర్చున్నట్టు. వీపు వెనక రెండు దిళ్లు. బిడ్డ పొట్ట నీ పొట్టకి ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాలి. మెడ పక్కకి తిప్పి నువ్వు నీళ్లు మింగి చూడు.

నేను: మింగుడు పడదు.

వదిన: మరి వాడికి ఎలా పడుతుంది? ఇప్పుడు వాడి ముక్కు చనుమొనకి ఎదురుగా రావాలి. నోరు కాదు, ముక్కు. అందరూ నోటికి ఎదురుగా పెడతారు, అక్కడే పొరపాటు. ముక్కుకి ఎదురుగా ఉంటే దాన్ని అందుకోడానికి తల కొంచెం వెనక్కి వాల్చి నోరు పెద్దది చేస్తాడు. పైపెదవికి చనుమొన రాయి, ఆగు. చిన్నగా తెరిస్తే పెట్టకు. ఆవలించినంత పెద్దగా తెరిచే దాకా ఆగు. తెరవగానే భుజాల వెనకనుంచి వాణ్ని నీ దగ్గరికి తీసుకో. తల వెనక చెయ్యి పెట్టి నొక్కొద్దు, నొక్కితే ఎదురు తిరుగుతాడు. గడ్డం ముందు తగలాలి. పట్టాక చూస్తే నల్లభాగం పైపెదవి వైపు కొంచెం కనిపించాలి, కింది పెదవి వైపు దాదాపు కనిపించకూడదు. కింది పెదవి బయటికి మడిచి ఉండాలి.

నేను: మీరు ఆ రోజు పొద్దున్నే ఆటోలో వచ్చి, నా వెనక నిలబడి నా చేతుల మీద మీ చేతులు పెట్టి చేయించారు. ఫోన్‌లో నాలుగుసార్లు విన్నా అర్థం కానిది అప్పుడు తెలిసింది. ఆగు, ఆగు, ఇంకా ఆగు అంటూనే ఉన్నారు. నేను రోజూ ఆ ఆగడమే చేయలేదు. తెరిచిన కాస్త నోట్లో గబుక్కున కుక్కేసేదాన్ని.

వదిన: అందరూ అంతే. నొప్పి భయం. త్వరగా అయిపోతే చాలనిపిస్తుంది.

నేను: ఆ రోజు నొప్పి లేదు. ఉంది, కానీ మొదటి పది ఇరవై క్షణాలు. తర్వాత లాగుతున్నట్టు ఉంది తప్ప కోస్తున్నట్టు లేదు.

వదిన: నాలుక కింది చిగురు దాటి ముందుకొచ్చి రొమ్ముకి కింద దోసిలి పట్టినట్టు పట్టుకుందన్నమాట. అది కిందికి దిగినప్పుడల్లా నోట్లో గాలి లేని చోటు ఏర్పడుతుంది, ఆ లాగుడుకి పాలు వస్తాయి. టక్‌మని చప్పుడు వచ్చిందంటే ఆ పట్టు వదిలిందని. ఒకటీ అరా వస్తే కంగారొద్దు. అదే పనిగా వస్తుంటే, నొప్పి తగ్గకుండా ఉంటే చిటికెన వేలు వాడి నోటి మూలనుంచి పెట్టి పట్టు వదిలించి మళ్లీ పట్టించు. లాగెయ్యొద్దు, పుండు పడుతుంది.

నేను: గుటక గురించి చెప్పండి.

వదిన: నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. మొదట గబగబా చిన్నగా చీకుతాడు, పాలు రమ్మని పిలుస్తున్నట్టు. పాలు చేపుకి రాగానే లయ మారుతుంది. గడ్డం బాగా దిగుతుంది, క్షణం ఆగుతుంది, అప్పుడు 'క్... హా' అని చిన్న శబ్దం. అది గుటక. ఒకటి రెండు చీకులకి ఒక గుటక పడుతుంటే పాలు అందుతున్నాయి. అరగంట నోట్లో పెట్టుకుని పెదవులాడిస్తూ నిద్రపోతే అది తాగడం కాదు. గుటకలు ఆగినప్పుడు రొమ్ముని చేత్తో మెల్లగా ఒత్తి పట్టుకో, మళ్లీ గుటక మొదలవుతుంది. నాలుక అలిసిపోయే పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది. నిజంగానే అలిసిపోతుంది. కొత్తగా కదులుతున్న కండరం.

నేను: ఆ వారం రోజులూ ప్రతిసారీ పట్టలేదు కదా. రోజుకి పది సార్లలో నాలుగు సార్లే పట్టేవాడు.

వదిన: అందుకే పిండమన్నాను. పట్టనప్పుడల్లా, పట్టినా సరిగా తాగనప్పుడల్లా చేత్తో గానీ పంపుతో గానీ పాలు తీయాలి. రోజుకి ఎనిమిది సార్లకి తగ్గకుండా, రాత్రి ఒకసారైనా. రొమ్ము ఖాళీ అయితేనే పాలు ఊరతాయి. మీ పక్కింటావిడ సురా పుట్టు, అదే సొరచేప పొడికూర, పంపింది, అమ్మమ్మగారు వెల్లుల్లి కారం పెట్టారు, తిను, రుచిగా ఉంటాయి, బాలింతకి బలం కూడా. కానీ పాలు ఎన్ని పడతాయన్నది ఎన్నిసార్లు తీశామన్న దాని మీదే ఉంటుంది.

నేను: తీసిన పాలు బయట నాలుగు గంటలు ఉంచొచ్చంటారు.

వదిన: అది చల్లటి గది లెక్క. మే నెలలో మీ వంటింట్లో కాదు. వెంటనే పట్టకపోతే ఫ్రిజ్‌లో పెట్టు, లోపల వెనక వైపు, తలుపు దగ్గర కాదు. నాలుగు రోజుల దాకా ఉంటాయి.

నేను: ఇక ఉగ్గుగిన్నె కథ.

వదిన: మీ ఆయన అప్పటికే సీసా కొనుక్కొచ్చాడు పాపం.

నేను: నాలుగు రకాల నిపుల్స్‌తో సహా. మీరు అది బీరువా పైన పెట్టించి, సీమంతానికి మా అత్తగారు ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నె బయటికి తీయించారు. ఇక్కడ దీన్ని పాలాడై అంటారు, మీ వార్డులో అదే వాడతారట.

వదిన: సీసా పాపం అని నేననను. కానీ నాలుకకి పని నేర్పుతున్న రోజుల్లో నోట్లో ధారగా పడిపోతే వాడికి నాలుక వాడే అవసరం ఏముంది? ఉగ్గుగిన్నె అయితే నాకాలి. మా అమ్మలు, అమ్మమ్మలు కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి గిన్నె మూతితో నోట్లో పోసేసేవాళ్లు. అది చేయొద్దు, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టినట్టు నిటారుగా పట్టుకో. గిన్నె ముక్కు కింది పెదవి మీద ఆనించు, పాలు పెదవిని తాకేంత వంచు, అంతే. వాడే నాలుక బయటికి చాపి అందుకుంటాడు. చాపినప్పుడల్లా అది వాడికి వ్యాయామమే. ప్రతిసారీ గిన్నె ఉడకబెట్టాలి. ఆ మూతి సందులో పాలు ఇరుక్కుంటాయి, బ్రష్‌తో తోమి చూడు.

నేను: మొదటిసారి పాతిక మిల్లీలీటర్లకి ముప్పావుగంట పట్టింది. సగం మెడకిందికి కారిపోయాయి. అయినా నాలుక చాపాడు వదినా. నేను అంతకుముందు వాడి నాలుక కొన చూడనేలేదు.

వదిన: నువ్వు ఫోటో తీసి పంపావు. మసగ్గా ఉంది, ఏం కనపడలేదు. బాగుంది అన్నాను.

నేను: (నవ్వు) ఇంకో ఫోటో కూడా పంపాను. మూడో రోజు నాలుక కింద తెల్లగా, పసుప్పచ్చగా వజ్రం ఆకారంలో. చీము పట్టిందని హడలిపోయాను.

వదిన: అది చీము కాదు. నోట్లో పుండు మానేటప్పుడు పక్కు అలాగే తడిసి తెల్లగా ఉంటుంది. ఒకటి రెండు వారాల్లో పోతుంది. గీకొద్దు, తుడవొద్దు. రక్తం చుక్కగా కనిపిస్తే పాలు పట్టించు, ఆగిపోతుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఒత్తినా ఆగకపోతే, లేదా జ్వరం వంద పాయింట్ నాలుగు ఫారెన్‌హీట్‌కి చేరినా, దాటినా ఆసుపత్రికి పరుగెత్తాలి. నెల నిండని బిడ్డకి జ్వరమంటే ఇంట్లో కూర్చునే విషయం కాదు. పళ్లు వచ్చేటప్పుడు రాసే మొద్దుబరిచే జెల్లులు అసలు వద్దు. డాక్టరు చెప్పకుండా ఏ చుక్కల మందూ వద్దు.

నేను: వాళ్లు ఇచ్చిన కాగితంలో రోజుకి ఆరుసార్లు వేలు పెట్టి పుండుని పైకి సాగదీయమని ఉంది. లేకపోతే మళ్లీ అతుక్కుంటుందట.

వదిన: ఆ కాగితం చూసి నాకు ఒళ్లు మండింది. పచ్చి పుండుని రోజుకి ఆరుసార్లు లాగితే వాడికి నోటి దగ్గరికి ఏది వచ్చినా భయమే. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా 2024లో ఆ సాగదీతలు వద్దనే చెప్పింది, లాభం ఉందనడానికి ఆధారం లేదు. నేను చేయించేది ఆట. వాడు హుషారుగా ఉన్నప్పుడు ఎదురుగా నువ్వు నాలుక చాపు, వాడూ చాపుతాడు, కొంచెం ఆలస్యంగా. చేతులు కడుక్కుని, గోరు కత్తిరించుకున్న చూపుడు వేలు కింది పెదవి మీద రాయి. నోరు తెరిచి వాడే లాక్కుంటే వేలి మెత్తటి వైపు అంగిలికి ఆననివ్వు, చీకనివ్వు. వద్దంటే తీసేయ్. తర్వాత మెలకువగా ఉన్నప్పుడు నీ ఛాతీ మీద బోర్లా. మెడ, దవడ బిగుసుకుని ఉంటాయి ఈ పిల్లలకి, అవి వదులైతే నోరు బాగా తెరుచుకుంటుంది.

నేను: అమ్మమ్మ ఇంకోటి తెచ్చింది. తేనెలో అరగదీసిన వస.

వదిన: (నవ్వు) అక్కడే ఆవిడకీ నాకూ గొడవ. నాలుక తెగింది కాబట్టి వస పోయాలి, లేకపోతే మాటలు రావు, నత్తి వస్తుందని ఆవిడ. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా పెట్టకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పుండు ఉన్న నోట్లో వసా వద్దు, పసుపూ వద్దు. ఇక నత్తికీ నాలుక కింద పొరకీ సంబంధం లేదు. మాటల కోసమని పసిబిడ్డకి కోయించాల్సిన పనీ లేదు.

నేను: మీరు ఆవిడతో ఏం చెప్పారో నాకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత మళ్లీ వస ఊసెత్తలేదు.

వదిన: 'అమ్మమ్మగారూ, మీ మనవరాలు వసపిట్ట, వాడికి విడిగా పోయక్కర్లేదు' అన్నాను.

నేను: అయ్యో! సరే. పాలు సరిపోతున్నాయని ఎలా తెలుసుకోవాలో చెప్పండి, నాకు వాట్సాప్‌లో అందరూ అడిగేది ఇదే.

వదిన: అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకి కనీసం ఆరుసార్లు ఉచ్చ పోయాలి, తెల్లగా. తూకం రోజుకి ఇరవై నుంచి ముప్పై గ్రాములు పెరగాలి. ఒకే తూకం మిషన్ మీద, బట్టల్లేకుండా, వారానికి ఒకసారి చాలు. రోజూ తూచి టెన్షన్ పడొద్దు. మత్తుగా పడుకుని పాలకి లేవకపోయినా, ఉచ్చ తగ్గినా, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి రాకపోయినా డాక్టరుకి చూపించాలి. అవసరమైతే పైపాలు పట్టాల్సి వస్తుంది, అందులో సిగ్గుపడేది ఏం లేదు.

నేను: మావాడు పద్నాలుగో రోజుకి రాలేదు కాబట్టి చూపించాం. తీసిన పాలు ఉగ్గుగిన్నెతో పడుతున్నామని చెబితే, అలాగే పట్టి కొన్ని రోజుల తర్వాత తీసుకురమ్మన్నారు. పంతొమ్మిదో రోజు 2 కిలోల 820. ఇరవయ్యారో రోజు 3 కిలోల 50. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది. ఇరవై మూడో రోజు అనుకుంటా, తెల్లవారుజామున మగత నిద్రలో పట్టించాను. పట్టించానని కూడా నాకు గుర్తులేదు, లేచి చూస్తే తాగుతున్నాడు. ఉగ్గుగిన్నె పొద్దున్న కడగలేదేంటా అని వెతుక్కున్నాను, అసలు తీయనే లేదు.

వదిన: నాకు మాత్రం ఫోన్ చేయలేదు ఆ రోజు.

నేను: నిద్రపోయాను వదినా! పదకొండు రాత్రుల నిద్ర... అదిగో, లేచాడు. ఒక్క నిమిషం. (కుర్చీ చప్పుడు, బాబు ఏడుపు) రా నాన్నా, రా. మైకు లాగొద్దు.

వదిన: దగ్గరగా పెట్టు మైకు, గుటక వినిపిద్దాం జనానికి.

నేను: ఉండండి... పట్టాడు.

వదిన: వినండి. ఒకటి... అదిగో రెండు...

నేను: అబ్బా! వదినా, కొరికాడు!

వదిన: కింద పళ్లు రెండూ వచ్చేశాయిగా. చిటికెన వేలు పెట్టు, లాగొద్దు. రికార్డింగ్ ఆపు ముందు.